ఉద్యానవనానికి చీనీ ఆకులు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ఆంజనేయులు, కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌ను అడగడానికి ఫోను చేత పట్టుకుని అరుగు మీద. ఆయన భార్య వనజాక్షి, పొయ్యి దగ్గర. ఆయన తల్లి యశోదమ్మ, నడవలో కాళ్ళు చాపుకుని, చేటలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూ. పక్కింటి ఖలీల్, తన ఇంట్లో కంటే ఇక్కడ గాలి బాగా వస్తుందని వచ్చి, తిరగని ఫ్యాను కింద. ఒక పిల్లి. ఇంకా హేమ.

ఆ ఇంట్లో ఎవరు ఎవరిని లెక్కపెట్టినా హేమ చివరే వచ్చేది. అందులో ఎవరి తప్పూ లేదు. పదహారేళ్ళ పిల్ల గోడకు ఆనుకుని నిలబడితే గోడకు ఇంకో పూత సున్నం వేసినట్టుండేదే తప్ప మనిషి నిలబడినట్టుండేది కాదు. పదో తరగతి పరీక్షలు రాసి నెల కాలేదు. ఐదేళ్ళు ఆ బడిలో చదివినా, హాజరు పలికేటప్పుడు తప్ప ఆమె గొంతు ఎలా ఉంటుందో ఎవరూ ఎరగరు. మాట్లాడాల్సిందంతా డైరీలో రాసుకునేది. ఎరువుల అంగడివాళ్ళు కొత్త సంవత్సరానికి ఆంజనేయులికి ఉచితంగా ఇచ్చిన డైరీ అది. ప్రతి పేజీ అడుగునా ఎర్ర అక్షరాలతో "సరైన సమాచారం, సరైన దిగుబడి" అని అచ్చువేసి ఉంటుంది.

ఆంజనేయులి ఫోను టింగుమంది. లైన్‌మన్ కాదు, వనజాక్షి తమ్ముడు శ్రీకాంత్. కర్ణాటకలో ఎక్కడో, ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కి, అది కూడా దిగి ట్రాక్టరు వాడినెవరినైనా బతిమాలుకుంటే గానీ చేరలేని చోట, సర్కారు గెస్ట్‌హౌసులో వంటవాడిగా చేరి మూడు నెలలైంది. అక్కడ చెట్టెక్కితే సిగ్నలు వస్తుంది. చెట్టెక్కి ఒక ఫొటో పంపాడు. వెనకే తన గొంతు రికార్డు చేసి పంపాడు.

"బావా! ఒగసారి వచ్చి చూడు బావా ఈ తావు. ఇట్లాంటిది మన పక్క యాడా ల్యా. పెద్ద పెద్ద సార్లు, మేడమ్ములు అంతా ఈడే ఉంటారు. నేను చెప్తే నీకేం గావాలన్నా..." అక్కడితో కొమ్మ కదిలిందో ఏమో, మాట తెగిపోయింది.

ఫొటోలో ఒక ఇనుప కమాను, కమాను కింద రెండు పూలకుండీలు, పైన కన్నడ అక్షరాల బోర్డు. ఒక మూలన, వేలు అడ్డం వచ్చినట్టు, ఎర్రగా ఏదో.

"ఏం రాసిండారు పాపా?" అని ఆంజనేయులు ఫోను గోడ వైపు చాపాడు. గోడ దగ్గర కూతురుందని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో కన్నడం కూడబలుక్కుని చదవగలిగేది హేమ ఒక్కతే. కళ్యాణదుర్గం బస్టాండులో పావగడ బస్సుల బోర్డులు చూసీ చూసీ నేర్చుకుంది. తలకట్ల వంకర తీసేస్తే అన్నీ మన అక్షరాలే.

"రాష్ట్రీయ ఉద్యానవన," అని చదివింది హేమ.

అంతే. ఆంజనేయులు అరుగు మీద లేచి నిలబడ్డాడు.

"చూస్తివా ఖలీలూ! ఉద్యానవన శాఖ! అదీ మండలం కాదు, జిల్లా కాదు. రాష్ట్రం!"

ఆ పక్క ఊళ్ళలో ఉద్యానవనం అనే మాటను ఎవరూ ఇంకో అర్థంలో విని ఉండరు. ఉద్యానవనమంటే డ్రిప్పు పైపులిచ్చే ఆఫీసు, చీనీ, అంటే బత్తాయి, మొక్కలిచ్చే ఆఫీసు, ఇవాళ పోతే రేపు రమ్మనే ఆఫీసు. వాళ్ళ మాట మీదే నాలుగేళ్ళ కింద ఆంజనేయులు మూడెకరాల్లో వేరుశనగ మానేసి నూట ఎనభై చీనీ చెట్లు పెట్టాడు. ఈ ఏడు తొలి కాపు. కాపు మాట అటుంచి, మూడు నెలలుగా ఆకులు ఈనెల మధ్య పసుపు తిరిగి రాలిపోతున్నాయి. మండలం ఆఫీసులో చూపిస్తే, "జింకు లోపం మాదిరి ఉండాది, అయినా పైవాళ్ళు చెప్పల్ల" అన్నారు. పైవాళ్ళ దగ్గరికి అనంతపురం పోతే, "ఇంకా పైనుంచి రావల్ల" అన్నారు. అప్పటినుంచి ఆయన ఆ ఇంకా పైన ఎక్కడుందో వెతుకుతున్నాడు. ఇప్పుడది ఫొటోలో కనిపించింది. రెండు పూలకుండీలతో సహా.

"మన రాష్ట్రం కాదు గదన్నా, కర్ణాటక గదా?" అన్నాడు ఖలీల్.

"చెట్టుకు బాస తెలుస్తాదా? చీనీ చెట్టు యాడైనా చీనీ చెట్టే."

హేమకు తెలుసు. పోయిన ఏడాది బడివాళ్ళు చిత్రదుర్గం కోట చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు, టోల్‌గేటు దగ్గర బస్సు గంటసేపు ఆగిపోయింది. ఆ గంటా ఎదురుగా "రాష్ట్రీయ హెద్దారి" అనే బోర్డే ఉంది. సైన్సు జాకబ్ సారు, అడగకుండానే, "నేషనల్ హైవే అని అర్థం. మనకు జాతీయ, వాళ్ళకు రాష్ట్రీయ" అని చెప్పాడు. అంటే ఇది జాతీయ ఉద్యానవనం. సోషల్ పుస్తకంలో దాని గురించి అరపేజీ ఉంది. అక్కడ జంతువులు వాటంతటవి తిరుగుతాయి, చెట్లు వాటంతటవి మొలుస్తాయి, మనుషులు పువ్వు కూడా కోయకూడదు. డ్రిప్పు పైపుల సంగతి అందులో లేదు.

నోరు తెరిచింది. అప్పటికి ఆంజనేయులు ముగ్గురికి ఫోన్లు చేసి చెప్పేశాడు. ఒకసారి సర్పంచు ఎన్నికల్లో నిలబడి పదకొండు ఓట్లతో ఓడిపోయిన మనిషి ఆయన. అప్పటినుంచి ఇంట్లో మాట్లాడినా మైకు ముందు మాట్లాడినట్టే ఉంటుంది. ఆ గొంతుకు అడ్డం వెళ్ళి, ఖలీల్ ముందర, "కాదు నాయనా" అనాలి. హాజరు పట్టీలో తన పేరు తప్పు రాశారని సారుకు చెప్పడానికి మూడేళ్ళు పట్టిన పిల్ల, అది చెప్పగలదా?

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ సాయంత్రం ఫోను చేతికి వచ్చినప్పుడు, ఫొటో మూలనున్న ఎరుపును రెండు వేళ్ళతో లాగి లాగి పెద్దది చేసింది. రాయి. పొరలు పొరలుగా పేర్చినట్టున్న ఎర్రటి ఇసుకరాయి. దాని మీద సన్నగా అలల గీతలు. జాకబ్ సారు పాఠంలో లేనివి చెప్పే అలవాటున్న మనిషి. ఇసుకరాయి ఒకప్పుడు నీళ్ళ అడుగున ఉన్న ఇసుకేనని, నీళ్ళు పోయినా అలలు రాసిన గీతలు రాయి మీద ఉండిపోతాయని ఒకసారి చెప్పాడు. హేమ పుట్టినప్పటినుంచి వాళ్ళ ఊరి చెరువు నాలుగుసార్లు నిండింది. నీళ్ళు పోయాక అడుగున నెర్రెలు తప్ప ఏ గీతా మిగలడం ఆమె చూడలేదు. ఆ రాతి మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడాలనిపించింది. ఇంతకుముందు ఏదైనా ఇంత గట్టిగా కావాలనిపించిన గుర్తు ఆమెకు లేదు.

ఆ రాత్రి డైరీలో ఇలా రాసింది: "నాయన ఉద్యానవన శాఖ అనుకుంటున్నాడు. కాదు. రేపు చెప్తా."

మరుసటి రోజు: "రేపు చెప్తా."

మూడోరోజు: "చెప్తే ఎవరూ పోరు. నాకు ఆ రాళ్ళు చూడాలని ఉంది. చెప్పను."

దాని కింద ఎర్రగా, సరైన సమాచారం, సరైన దిగుబడి.

ప్రయాణానికి ఏర్పాట్లు ఒక పెళ్ళికి జరిగినట్టు జరిగాయి. వస్తున్నామని చెప్పేసరికే చెట్టు మీది శ్రీకాంత్‌కు సిగ్నలు పోయింది, ఎందుకొస్తున్నదీ చెప్పడం కుదరలేదు. పాసుపుస్తకం జిరాక్సు, ఆధార్ జిరాక్సు, నాలుగు ఫొటోలు. తోటకు నాలుగు దిక్కులా ఆకులు కోసి, తడిపిన పేపర్లో చుట్టి, నాలుగు కవర్లలో పెట్టారు. ఏది ఏ పక్కదో పెద్దాఫీసువాళ్ళు అడుగుతారని, కవర్ల మీద పేర్లు రాయమని ఆంజనేయులు కూతురికే చెప్పాడు. తూర్పు గట్టు పక్కవాటికి "తూర్పు గెనిమ" అని, మిగతావాటికి "బోరు పక్క", "దారి పక్క", "వంక దిక్కు" అని హేమ గుండ్రటి అక్షరాలతో రాసింది. ఈ కవర్లు ఏ ఉద్యానవన శాఖకూ చేరవని తెలిసే రాసింది. అక్షరాలు మాత్రం చక్కగా వచ్చాయి.

"నేనెందుకురా ఆఫీసుకు?" అంది యశోదమ్మ.

"ముసిల్దాన్ని ముందర నిలబెడితే ఆఫీసులో పని తొందరగా అయితాది మా. రెండు కన్నీళ్ళు పెట్టుకో, సాలు."

"చీనీ ఆకుకా?"

"నీ కొడుక్కనుకో."

వనజాక్షి తమ్ముణ్ణి చూడ్డానికి. ఖలీల్ కారు నడపడానికి. హేమ కన్నడం బోర్డులు చదవడానికి. అయిదుగురికీ సరిగ్గా అయిదు సీట్లు. ఖలీల్ కారుకు వెనక ఎడమ తలుపు ఒక దెబ్బకు పడదు, రెండుసార్లు వేయాలి. ఆ సంగతి ఎక్కిన ప్రతివాళ్ళకూ ఖలీల్ ముందే చెబుతాడు, అదేదో కారుకున్న ప్రత్యేక సౌకర్యమైనట్టు.

తెల్లవారుతుండగా బయలుదేరారు. పావగడ దాటారు, చిత్రదుర్గం దాటారు. దాటిన ప్రతి ఊళ్ళోనూ ఆంజనేయులు కిటికీలోంచి తోటలు లెక్కపెట్టాడు. పదకొండు గంటలకు టీకి ఆగినప్పుడు, డ్యాష్‌బోర్డు మీదినుంచి జారి కిటికీలోంచి బయటికి వేలాడిన "తూర్పు గెనిమ" కవరును ఒక మేక పట్టుకుంది. యశోదమ్మ చూసి కేకేసేలోపు సగం ఆకులు కొరికేసింది.

"మేకకేం తెగులు కనపళ్ళేదే," అన్నాడు ఖలీల్. "బాగా తినింది."

"నవ్వు, నవ్వు," అన్నాడు ఆంజనేయులు. "తిరిగొచ్చేటప్పుడు నవ్వుదువు."

హేమ వెనక సీటు మధ్యలో కూర్చుని, రేపు చెప్తా అనడానికి ఇక రేపు లేదని లెక్క వేసుకుంది.

ఒంటిగంట దాటాక ఊళ్ళు అయిపోయాయి. తారు రోడ్డు అయిపోయింది. దుమ్ము, ముళ్ళపొదలు, మళ్ళీ దుమ్ము. చూస్తే మన ఊరే ఇంకొంచెం పెద్దదిగా పరిచినట్టుంది.

"తోటలు ఇంగా రాలేదే?" అన్నాడు ఆంజనేయులు.

"లోపలుంటాయిలే అన్నా, పెద్దాఫీసు గదా."

మలుపు తిరిగారు. తోటలు రాలేదు, రాళ్ళొచ్చాయి. నేల మీదినుంచి లేచి నిలబడ్డ ఎర్రటి రాళ్ళు. కొన్ని తాటిచెట్టంత పొడుగ్గా, కొన్ని బోర్లించిన గంపల్లా. పైన వెడల్పు, నడుము సన్నం. ఎండకు ఒక పక్క నిప్పులా, ఇంకో పక్క ఇటుకలా. హేమ ముందుకు వంగి ఖలీల్ భుజం మీదుగా పొరలు లెక్కపెట్టసాగింది.

"ఏమే ఇవి," అంది యశోదమ్మ, "ఎవురో జొన్నరొట్టెలు కాల్చి, పేర్చిపెట్టి, తినేది మరిసిపోయినట్టుండాయి!"

"అన్నా," అన్నాడు ఖలీల్ నెమ్మదిగా, "నాకేమో ఇది రాళ్ళ శాఖ మాదిరి కనపడ్తాండాది."

"నోరు ముయ్యప్పా. కళ్యాణదుర్గం ఆఫీసులో మాత్రం చెట్లుండాయా? ఆఫీసు ఈడ, తోట వెనకాల."

కమాను వచ్చింది. రెండు పూలకుండీలూ వచ్చాయి, ఒకదాంట్లో మొక్క ఎండిపోయి ఉంది. ఆంజనేయులు దాన్ని కొంచెం అనుమానంగా చూశాడు. కమాను పక్కన టోపీలు పెట్టుకున్న బెంగళూరు మనుషులు రాళ్ళ ముందు నిలబడి, రాళ్ళను కౌగిలించుకుని, రాళ్ళను వేలి మీద నిలబెట్టినట్టు ఫొటోలు తీసుకుంటున్నారు. లాఠీ పట్టుకున్న గార్డు ఒకడు, రాయి మీద చెయ్యి వేసిన పిల్లవాణ్ణి అదిలిస్తున్నాడు.

ఖలీల్ కారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. వాళ్ళ నాయన నలభై ఏళ్ళు బండలు కొట్టిన మనిషి. "ఇసకరాయి. ఉలి పెడితే పొడైపోతాది. కడప బండకైనా ఒగ ఉపయోగముంది. దీన్ని గడపకేసినా ఏడాదికి అరిగిపోతాది. దీనికి కాపలా! మా నాయన చూసింటే ఏడ్సేవాడన్నా. ఆయప్ప కొట్టిన రాయికి ఒగనాడన్నా ఎవుడన్నా సలాం కొట్టినాడా?"

"మన ఊరి గుట్ట మింద ఇంతకంటే పెద్దవుండాయి," అంది వనజాక్షి. "ఎవురూ చూడరు, అంతే."

గెస్ట్‌హౌసు వరండాలోకి శ్రీకాంత్ చేతినిండా పిండితో పరిగెత్తుకొచ్చాడు. "అక్కా! బావా! వస్తిరా! నలభై మంది భోజనానికి కూచోనుండారు, చపాతీలు మాడిపోతాయి. కూచోండి, కూచోండి. మేడమ్మొస్తారు, నేను చెప్పిండా" అని అదే పరుగున లోపలికి పోయాడు. అడగాల్సిన ప్రశ్న ఆంజనేయులి నోట్లోనే ఉండిపోయింది.

మేడం వచ్చింది. ఖాకీ బట్టలు, భుజం మీద నక్షత్రాలు, మంచి నవ్వు.

"ఖాకీ ఏందిరా?" అని గొణిగింది యశోదమ్మ.

"రాష్ట్ర స్థాయి మా," అని గొణిగాడు ఆంజనేయులు. చేతులు జోడించి, చొక్కా సర్దుకుని, సంతల్లో నేర్చుకున్న కన్నడంలో, "నమస్కార మేడం. నమ్మ బెళె హాళాయ్తు" అన్నాడు, మా పంట పాడైపోయిందని. అక్కడితో ఆయన కన్నడం దాదాపు అయిపోయింది, వింటే మాత్రం సగం తెలుస్తుంది. మిగిలింది చేతులతో చెప్పడానికి డ్యాష్‌బోర్డు మీద పైనున్న కవరు తీసుకొచ్చాడు. పైనున్నది "తూర్పు గెనిమ".

మేడం ఒక ఆకు తీసి అటూ ఇటూ తిప్పింది. సగం కొరికిన ఆకు. ఆమె ముఖం గంభీరమైంది. అడవి పక్క పొలాలవాళ్ళు ఇలాంటివి పట్టుకుని ఆమె దగ్గరికి రోజూ వస్తుంటారు కాబోలు.

"జింకెనా?" అంది.

స్తంభం వెనక నిలబడ్డ హేమ కళ్ళు మూసుకుంది. కన్నడంలో జింకె అంటే జింక. పావగడ బస్సు వెనక అద్దం మీద బొమ్మ వేసి మరీ రాసి ఉంటుంది.

ఆంజనేయులు మాత్రం తిరిగి తన వాళ్ళ వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంటిరా? ఒగ చూపుకే చెప్పేసింది! మన వాళ్ళు మూడు నెల్లు తిప్పుకోని, మాదిరి ఉండాది, మాదిరి ఉండాది అన్యారు. జింకే మేడం! జింకే! మా మండలంలో కూడా జింకే అన్యారు!"

"రాత్రి బరుత్తా?" రాత్రి వస్తుందా, అని ఆమె.

ఆంజనేయులు కొంచెం తికమకపడ్డాడు. "జింకు యాడొస్తాది మేడం? రాలేదనే గదా మా బాధ. ఎన్నిసార్లు పిచికారీ కొట్టినా రాదు. బరల్ల, బరల్ల."

"బరల్వా?" మేడం తన వెనక నిలబడ్డ గార్డు వైపు చూసింది. గార్డు మేడం వైపు చూశాడు. "బరదిద్దరె ఒళ్ళేదే అల్వా?"

"ఏమంటాండాది?" అంది వనజాక్షి.

"రాకపోతేనే మంచిదంట." ఆంజనేయులు గడ్డం గోక్కున్నాడు. "ఏమో, రాష్ట్ర స్థాయిలో ఆలోచన వేరే ఉంటాది."

ఇప్పుడు చెప్పాలి. నాలుగడుగులు ముందుకు వేసి, "జింకు కాదు నాయనా, జింక" అంటే చాలు. హేమ ఒక అడుగు వేసింది కూడా. అంతలో వరండా చివర, మధ్యాహ్నపు ఎండలో, దగ్గరగా ఉన్న రాయి మీద పొరలు కనిపించాయి. వాటి మీద గీతలున్నాయో లేవో ఇక్కడినుంచి తెలియడం లేదు. లోపలికి పోతే తెలుస్తుంది. నాయన సంతోషంగా ఉంటే లోపలికి పోదామంటాడు. ఇంకాసేపు. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

మేడం జాలిగా తల ఊపి, "సరి, ఒందు అర్జి బరెదు కొడి" అంది.

అర్జీ అనే మాట ఆంజనేయులికి ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ఎక్కడెక్కడో ఇచ్చిన అర్జీల జిరాక్సులే ఒక సంచి ఉన్నాయి ఇంట్లో. "రాసిస్తాం మేడం, ఇప్పుడే!" అని పెన్ను తీశాడు. కాగితం లేదు. పాసుపుస్తకం జిరాక్సు వెనక రాయబోతే మనసొప్పలేదు, పెద్దాఫీసుకు తెల్లకాగితం మీదే ఇవ్వాలి. కూతురి సంచి బల్ల మీద ఉంది. చెయ్యి పెట్టాడు. ఎరువుల అంగడి డైరీ తగిలింది. తన డైరీనే గదా అనుకుని, ఖాళీ పేజీ కోసం తిప్పాడు.

హేమ "నాయనా" అంది. ఎప్పటిలాగే ఎవరికీ వినపడలేదు.

ఆంజనేయులు చదివేటప్పుడు పెదవులు కదుపుతాడు. ముందు వేగంగా కదిలాయి. తరువాత నెమ్మదిగా. ఒక పేజీ తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు. మూడో పేజీ అడుగున ఎర్ర అక్షరాల దాకా చదివాడు. ఒక్క అక్షరం వదల్లేదు. ఆ తరువాత అదే పేజీని మొదటినుంచి ఇంకోసారి చదివాడు.

మైకు లేని గొంతుతో అడిగాడు. "పాపా. జింకంటే ఈళ్ళ మాటలో ఏంది?"

"జింక."

"జింకంటే?"

"జింక, నాయనా. నాలుగు కాళ్ళుండేది."

యశోదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఖలీల్ చాలా శ్రద్ధగా పైకప్పు వైపు చూడసాగాడు. అప్పుడే శ్రీకాంత్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమైందని అటూ ఇటూ అడిగి, మేడంకు కన్నడంలో మొత్తం విప్పి చెప్పాడు. చెబుతూ చెబుతూ తానే పడిపడి నవ్వాడు. మేడం నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడింది, అది తెలుస్తూనే ఉంది. ఆకు తిరిగి కవర్లో పెట్టి, మర్యాదగా రెండు చేతులతో ఇచ్చింది. ఇంతదూరం వచ్చారు గదా, అయిదింటికి గేటు మూసేస్తారు, ఈలోగా లోపలికి పోయి రాళ్ళు చూసి రండి, మీ కారులోనే గార్డును పంపిస్తాను, రేపు వారపు సెలవు, ఎవర్నీ లోపలికి వదలరు అని శ్రీకాంత్ చేత చెప్పించింది.

"రాళ్ళా?" అంది వనజాక్షి. "మా ఊర్లో..."

"చూద్దాం," అన్నాడు ఆంజనేయులు. "చూడకుంటే ఎట్ల? శానా సంతోషం అని చెప్పు మేడమ్ముకు."

ఆయన అరుస్తాడని హేమ అనుకుంది. అరిస్తే ఏడవచ్చు. ఏడిస్తే అవ్వ మధ్యలోకి వస్తుంది, అమ్మ తిడుతుంది, దాంతో అయిపోతుంది. ఆయన అరవలేదు. నాలుగు కవర్లూ, జిరాక్సులూ, ఫొటోలూ ఒక్కొక్కటే సర్దుకున్నాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. డైరీ చంకలో పెట్టుకున్నాడు. హేమకు చిన్న ఆశ పుట్టింది. కారులో వెనక సీటు మధ్యలో ఎప్పటి చోటే వెళ్ళి కూర్చుంది. లోపల రాయి మీద చెయ్యి వేయనివ్వరు, గార్డు తిడతాడు, అయినా దగ్గరగా చూడచ్చు. తరువాత నాయనకు అన్నీ చెప్పచ్చు. రాసి చూపించచ్చు.

గార్డు వచ్చి, కారులో తలలు లెక్కపెట్టి, "ఒబ్బరు ఇళీబేకు" అన్నాడు. తాను కూర్చోవాలంటే ఒకరు దిగాలి.

"నేను దిగుతాలేప్పా," అంది యశోదమ్మ. "రాళ్ళు నాకెందుకు? నేను పుట్టింది రాళ్ళల్లోనే."

"నేను దిగుతా," అంది వనజాక్షి. "తమ్మునితో రెండు మాటలన్నా మాట్లాడుకుంటా."

"ఎవురూ దిగాకండి," అన్నాడు ఆంజనేయులు. "మిమ్మల్నందర్నీ హేమ పిల్చుకోనొచ్చింది. చూడల్సిందే."

ముందు సీటులోంచి దిగి గార్డును అందులో కూర్చోమన్నాడు. కారు చుట్టూ తిరిగి వెనక ఎడమ తలుపు దగ్గరికి వచ్చి తెరిచాడు. యశోదమ్మ కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది.

"దిగు పాపా."

హేమ దిగింది. ఏదో అడుగుతాడు, అడిగితే ఈసారి గట్టిగానే చెప్తా అనుకుంది. ఆంజనేయులు "తూర్పు గెనిమ" కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. కవరు మీద ఆమె గుండ్రటి అక్షరాలు పైకి తిరిగి ఉన్నాయి. దాని మీద డైరీ పెట్టాడు. డైరీ మీద పెన్ను పెట్టాడు.

"రాళ్ళు చూడ్డానికి రమ్మంటే రామనుకుంటివా? అడిగి చూసిండొచ్చు గదా పాపా," అన్నాడు. గొంతు ఎంత మెల్లగా ఉందంటే, కారులో ఉన్నవాళ్ళకు వినపడి ఉండదు.

హేమ పెదవులు విడివడ్డాయి. మాట వచ్చేలోపు ఆయన ఆమె చోట్లో కూర్చున్నాడు.

"ఒరే, పాపను ఇడ్సిపెట్టి పోయేదేందిరా?" అంది లోపలినుంచి యశోదమ్మ.

"ఆ పాపకు పనుండాది మా," అన్నాడు ఆంజనేయులు, ఈసారి అందరికీ వినపడేట్టు. తరువాత కూతురి వైపు తిరిగాడు. "మేము పోయి రాయి చూసొస్తాం. నువ్వు ఈడ కూచోని రాయి."

తల్లి మీదుగా చెయ్యి చాపి తలుపు వేశాడు. పడలేదు. తెరిచి, కూతురి వైపు చూడకుండా, మళ్ళీ వేశాడు.